మనవాళ్ళనీ వదలం

కృపావతి ‘కొండదారి’ బ్లాగు మొదలుపెట్టిన నెలకి దాన్ని చదివేవాళ్ళు పదకొండు మంది. అందులో ఇద్దరు ఆమె తమ్ముళ్ళు, ఒకరు చర్చి పాస్టరుగారు, ఇంకొకరు దేనికోసమో వెతుకుతూ పొరపాటున వచ్చి ఉండిపోయిన సీలేరు ప్రాజెక్టు ఉద్యోగి రవిబాబు. మొట్టమొదటి కామెంటు మాత్రం చిన్ననాటి స్నేహితురాలు భానుది. “బాగుంది గానీ మా అమ్మకి చదువు రాదు కదే, ఆవిడ మాటేటి?” అని రాసింది.

ఆ ఒక్క ముక్కతో బ్లాగు నడకే మారిపోయింది. కృపావతి తను రాసిన ప్రతి టపానూ ఫోనులో చదివి, ఒకసారి తెలుగులో, ఒకసారి గూడేల్లో మాట్లాడే ఆదివాసీ ఒడియాలో, వాట్సాప్‌లోకి వదలడం మొదలుపెట్టింది. భాను ఆ గొంతును ఊరూరా తిప్పింది. పనసగుడ ఆడవాళ్ళంతా కలిసి నడుపుకునే కాఫీ పండ్ల తొక్క తీసే మిషను దగ్గర ఆమే పెద్ద. మిషను పక్కన చిన్న స్పీకరు పెట్టి, పండ్లు ఏరుతున్నంతసేపూ కృపావతి మాటలు వినిపించేది. సంతకి వెళితే చింతపండు కొనేవాళ్ళ దగ్గరా, చీపుళ్ళు అమ్మేవాళ్ళ దగ్గరా ఫోను లాక్కుని నెంబరు చేర్చేది. “మన గుంట కిరపే సదువుతాది, ఇనండి. మన ఊసులే” అని వెంటపడేది.

వాళ్ళిద్దరూ ఆశ్రమ పాఠశాలలో ఒకే పెట్టె వాడుకున్నవాళ్ళు. కృపావతి డిగ్రీ చేసి, ఒక స్వచ్ఛంద సంస్థలో నాలుగేళ్ళు పనిచేసి, అది మూతపడ్డాక ఊరికొచ్చి ఈ రాతలో పడింది. భాను పదో తరగతితో ఆపేసి, పెళ్ళి చేసుకుని, మొగుడు చచ్చిపోతే తల్లి సోములమ్మనీ కూతురు హేమలతనీ రెండెకరాల కాఫీ తోట మీద పోషించుకుంటోంది. ఇద్దరికీ ముప్పై నాలుగే. భాను నవ్వితే ఊరి పక్క పారే గెడ్డ అవతలికి వినిపిస్తుందని ఊళ్ళో అనేవారు.

‘కొండదారి’లో పెద్ద రాజకీయాలేవీ ఉండేవి కావు. ఏ గూడేనికి కుళాయి రాలేదు, ఎందుకు రాలేదు. రోడ్డు పని ఎవరి బావమరిదికి పోయింది. మండల సమావేశంలో ఎవరు నోరు విప్పారు, ఎవరు కునికారు. జరగని గ్రామసభ జరిగినట్టు తీర్మానం రాసుకున్నారని, ఆ రోజున సంతకాలు పెట్టినట్టున్న ముగ్గురు అంతకుముందే చనిపోయారని ఆమె బయటపెట్టాక ఆ తీర్మానం రద్దయింది. అప్పట్నుంచి చదువరులు వరదలా వచ్చిపడ్డారు. పాచిపెంట నుంచి రిటైరైన రామారావు మాస్టారు ప్రతి టపాలోనూ అచ్చుతప్పులు ఏరి పంపేవారు. రవిబాబు వాట్సాప్ గుంపులన్నిటికీ అడ్మిన్ అయ్యాడు. నాలుగేళ్ళకి చదివేవాళ్ళూ వినేవాళ్ళూ కలిసి తొమ్మిది వేలు దాటారు.

బ్లాగు నెత్తిన మూడు నియమాలు ఉండేవి. పేరు లేకుండా కామెంటు లేదు. ఆధారం లేకుండా వార్త లేదు. మనవాళ్ళనీ వదలం. మూడోది అందరికీ ఇష్టం. కృపావతి సొంత మేనమామ రేషను బియ్యం పక్కదారి పట్టించాడని రాసినప్పుడు, ఆ నియమాన్ని జనం ఫోను తెరల మీద పెట్టుకున్నారు.

పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. పనసగుడ సర్పంచి పదవికి ఫల్గుణ మళ్ళీ నిలబడ్డాడు. పదేళ్ళుగా అతనే సర్పంచి, అతనే కాంట్రాక్టరు. అతని మీద మిషను దగ్గర ఆడవాళ్ళంతా కలిసి భానును నిలబెట్టారు. ఏజెన్సీలో సర్పంచి పదవి గిరిజనులకే. భానుకి ఎస్టీ సర్టిఫికెట్ ఉంది, తల్లి పేరు మీద వచ్చింది. నామినేషను వేసిన రోజున ఆమె కృపావతి ఇంటికొచ్చి, కాళ్ళు చాపుకుని కూర్చుని, “గెలిస్తే నన్ను కూడా తిడతావేటే నీ బ్లాగులో?” అంది.

“తిడతాను. నిన్నే ముందు తిడతాను.”

“తిట్టు మరి. అందరూ ఇంటారు” అని నవ్వింది భాను.

ఆ ఆదివారమే టైడాలో చదువరుల కూటమి. ఏటా ఒకసారి రైల్వే స్టేషనుకి దగ్గర్లో ఒక రేకుల షెడ్డు కింద కలుసుకునేవారు. ఎవరి క్యారేజీ వాళ్ళది. ఆ ఏడు రెండు వందల మందికి పైగా వచ్చారు. భోజనాలయ్యాక రవిబాబు లేచాడు. సన్నగా, మర్యాదగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాతో ఉండే మనిషి, గొంతు పెంచడు.

“అక్కా, ఒక్క మాట. ఈ ఎన్నికల్లో మీరు పధ్నాలుగు మంది అభ్యర్థుల మీద రాశారు. ఫల్గుణ మీద ఐదు టపాలు. భానుగారి మీద నాలుగు లైన్లు, అవీ పొగడ్తే. ఆవిడ మీ స్నేహితురాలని అందరికీ తెలుసు. మూడో నియమం మాకేనా, మీకు లేదా?”

షెడ్డులో అందరూ కృపావతి వైపు తిరిగారు. ఆమె “భాను మీద రాయడానికి ఏమీ లేదు” అంది. ఆ మాట అంటున్నప్పుడే తన గొంతు తనకే తేడాగా వినిపించింది.

“ఏమీ లేదని వెతికి చెప్తున్నారా, వెతక్కుండా చెప్తున్నారా?” అన్నాడు రవిబాబు. చప్పట్లు మొదలయ్యాయి. ముందు వెనక వరసలో, తర్వాత అంతటా.

మర్నాటి నుంచి గుంపుల్లోంచి జనం వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. ఫలానా నెంబరు వెళ్ళిపోయింది, ఫలానా నెంబరు వెళ్ళిపోయింది అని తెర మీద వరసగా పడుతుంటే కృపావతి పొయ్యి మీద అన్నం మాడిపోయేదాకా చూస్తూ నిలబడింది. మూడు రోజుల్లో ఆరు వందల మంది. ‘ఇదీ అమ్ముడుపోయింది’ అని ఒకడు రాసి మరీ వెళ్ళాడు. నాలుగేళ్ళు ఎండలో వానలో తిరిగి ఒక్కొక్కరినీ చేర్చుకుంది ఆమె. ఆ నెంబర్లలో సగం భాను చేర్చినవేనని మాత్రం ఆ మూడు రోజుల్లో ఒక్కసారీ గుర్తుకు రాలేదు.

గుర్తుకొచ్చింది వేరొకటి.

భాను మూడో తరగతిలో, అందరికంటే ఆలస్యంగా, ఆశ్రమ పాఠశాలకొచ్చింది. గెడ్డలో స్నానాలు చేస్తున్నప్పుడు ఆమె భుజం మీద గరిటె ఆకారంలో కాలిన మచ్చ చూసి కృపావతి ఏమిటని అడిగింది. నాలుగు రోజులు చెప్పలేదు. ఐదో రోజున బట్టలు ఉతుకుతూ చెప్పింది.

“మా నాన్న సంతకి బట్టలమ్మడానికొచ్చీవోడు, కొత్తవలస అవతలోడు. మా అమ్మని ఉంచుకున్నాడు. ఆళ్ళింటికాడ పిల్లల్లేరని, పాలు మానగానే నన్ను అట్టుకెళిపోనాడు. నాకు నాలుగేళ్ళొచ్చీసరికి ఆళ్ళకి బాబు పుట్టీసినాడు. అప్పట్నుంచీ పశువుల సాలలోనే నా పడక. బళ్ళో కొండగుంటనీవోరు. తొమ్మిదేళ్ళప్పుడు రైలెక్కించి, అరకులో దించీసి ఎలిపోనాడు. ఎవులికీ సెప్పకే కిరపా.”

“సెప్పనే” అంది కృపావతి. పాతికేళ్ళు చెప్పలేదు.

తండ్రి దిగువ మైదానంవాడని, గిరిజనుడు కాడని ఊళ్ళో పెద్దలకి తెలుసు. కొండమీద అలా పుట్టిన పిల్లలు చాలామందే ఉన్నారు. తల్లి దగ్గర, తల్లి గూడెంలో పెరిగితే గిరిజనులేనని చట్టం కూడా ఒప్పుకుంటుంది. భాను అలా పెరగలేదని, తొమ్మిదేళ్ళు వచ్చేదాకా దిగువన తండ్రి ఇంటి పేరుతో పెరిగిందని మాత్రం ముగ్గురికే తెలుసు. సోములమ్మ, భాను, కృపావతి. నామినేషను కాగితాల్లో ‘పుట్టినప్పటి నుంచీ తల్లి సంరక్షణలో’ అని భాను సంతకం పెట్టింది. అందరూ పెట్టే సంతకమే.

కృపావతి రామారావు మాస్టారికి ఫోను చేసింది. విషయం విని ఆయన ఒక్కటే అడిగారు.

“ఇది నీకెలా తెలుసమ్మా?”

ఆమె చెప్పలేదు.

“అయితే రాయకు.”

“నిజమే కదా మాస్టారూ? అబద్ధపు సంతకం కదా? ఫల్గుణ చేసుంటే రాసేవాళ్ళం కదా?”

“నిజమేనమ్మా. రాయకు.”

ఆమె పొద్దున్న కిందికి వెళ్ళే పాసింజరు ఎక్కింది. కొత్తవలస దాటి ఆటోలో ఐదు మైళ్ళు పోతే ఆ ఊరు. ప్రాథమిక పాఠశాల హెడ్మిస్ట్రెస్ మంచావిడ. భాను కూతురికి ఏదో స్కాలర్‌షిప్పు కోసం పాత వివరాలు కావాలని, తను భాను స్నేహితురాలినని చెప్పింది కృపావతి. ఆవిడ బీరువా తెరిచి, దుమ్ము దులిపి, రిజిస్టరు ఇచ్చింది. ఒకటో తరగతి ప్రవేశం. భానుమతి, తండ్రి వరహాలరావు. కులం గడిలో తండ్రి కులం. కృపావతి ఫొటో తీసుకుంది. హెడ్మిస్ట్రెస్ టీ ఇప్పించింది కూడా.

వరహాలరావు చనిపోయి చాలా కాలమైంది. ఆ ఇంటి ఎదురుగా అరుగు మీద కూర్చున్న ముసలామె యర్రమ్మను అడిగితే ఆమె మొహం ముడుచుకుంది. “ఆ గుంటా? బతికుందా? కుడితి గోలెం కాడ కూకోబెట్టి అన్నమెట్టీవోరమ్మా. నాను సూసినాను. ఓపాలి మా ఇంటికాడికొచ్చీసి, దాసీమని మంచం కింద దూరిపోనాది. మా మావ తిడతాడని నానే బయటికి లాగీసినాను” అని, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

కృపావతి అదీ రికార్డు చేసుకుంది.

టపాకి ‘భాను ఎవరు?’ అని పేరు పెట్టింది. మొదట రాసినదాంట్లో యర్రమ్మ మాటలు ఉన్నాయి. పశువుల సాల ఉంది, గరిటె వాత ఉంది. చదువుకుంటే సూటిగా లేదనిపించింది. అడిగేదేమిటో, చెప్పేదేమిటో తేలడం లేదు. చదివినవాడు చివరికి జాలి పడి ఊరుకుంటాడు. ఆ రెండు పేరాలూ తీసేసింది. రిజిస్టరు ఫొటో, నామినేషను కాగితం ఫొటో పక్కపక్కన పెట్టింది. ‘నా స్నేహితురాలైనా సరే, మనవాళ్ళనీ వదలం’ అని ముగించింది. పొద్దున్న ఏడింటికి ఎప్పటిలాగే వదిలి, ఎప్పటిలాగే గొంతుతో చదివి పంపింది. తెలుగులో ఒకసారి, ఆదివాసీ ఒడియాలో ఒకసారి.

పనసగుడలో మిషను దగ్గర ఆ పొద్దుటే పాతికమంది ఆడవాళ్ళు ఎన్నికల మాటలు చెప్పుకుంటూ పండ్లు ఏరుతున్నారు. భాను అలవాటుగా స్పీకరు పెట్టింది. సోములమ్మ ఒక మూల బుట్ట అల్లుతోంది. ‘భాను ఎవరు’ అని వినగానే అందరూ నవ్వి, పొగడబోతోందనుకుని దగ్గరికి జరిగారు. వినిపించినంతసేపూ ఎవరూ స్పీకరు ఆపలేదు. భాను కూడా ఆపలేదు. అయిపోయాక సోములమ్మ లేచి, అల్లుతున్న బుట్ట పక్కన పెట్టి, తనకి అర్థమైనంత వరకు జనానికి సమాధానం చెప్పబోయింది. “నానియ్యలేదు. లాక్కెళిపోనాడు. నానియ్యలేదమ్మా” అని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చెప్పింది.

ఈ సంగతి కృపావతికి ఆ ఆడవాళ్ళలో ఒకామె, కనక, ఫోను చేసి చెప్పింది. చెప్పి, “మంచి పనే చేసినావక్కా. మాకేటి తెలుసు? మమ్మల్నందరినీ మోసం సేసీసింది” అంది.

మధ్యాహ్నానికి పదిహేను వందల కామెంట్లు. వెళ్ళిపోయిన ఆరు వందల మందీ తిరిగొచ్చారు, ఇంకో రెండు వేలమందిని తీసుకొచ్చారు. ‘దమ్మున్న కలం’ అన్నారు. ‘దిగువోళ్ళ విత్తనం’, ‘బట్టల మూటలో దొరికింది’ అని భాను మీద రాశారు. పేర్లు పెట్టుకునే రాశారు, మొదటి నియమం ఎవరూ తప్పలేదు. రవిబాబు మాత్రం ఒక్క ముక్క పెట్టాడు: “క్షమించండి అక్కా. మిమ్మల్ని అనుమానించినందుకు సిగ్గుపడుతున్నాను.” అది చదివి కృపావతికి కళ్ళలో నీళ్ళొచ్చాయి. సంతోషంతోనే వచ్చాయి.

సాయంత్రం భాను వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

“నువ్వా ఊరెళ్ళినావేటే?”

“ఎళ్ళేను.”

“ఎవుల్ని కలిసినావు?”

“బళ్ళో టీచరమ్మని. ఎదురింటి యర్రమ్మని.”

“ఉందా ఆ ముసిల్ది?” అంది భాను. “ఏటి సెప్పినాది?”

కృపావతి చెప్పింది. కుడితి గోలెం, మంచం కింద దూరడం అన్నీ. భాను నేల చూస్తూ విన్నది.

“మరదేదీ నువ్వు రాయలేదేటి?”

“పొడుగైపోద్దని” అంది కృపావతి.

భాను తల పైకెత్తి చూసింది. ఆ చూపులో కోపం కనిపిస్తే కృపావతి తట్టుకునేది, ఆమె దగ్గర జవాబులు ఉన్నాయి. చట్టం ఉంది, నియమం ఉంది, ప్రజల హక్కు ఉంది. ఆ చూపులో కోపం లేదు. సంతలో దారి అడగబోయి, మనిషి పొరపాటైందని తెలిసి పక్కకి తప్పుకునేవాళ్ళు చూస్తారే, అలా చూసింది. వెళ్ళిపోయింది.

నామినేషన్ల పరిశీలనలో ఫల్గుణ అభ్యంతరం పెట్టాడు. సర్టిఫికెట్ చేతిలో ఉంది కాబట్టి చెల్లుతుందని, అనుమానముంటే కలెక్టరుగారికి పెట్టుకోమని అధికారి అన్నాడు. భాను పేరు బ్యాలెట్ మీద ఉండిపోయింది. ఆమె ప్రచారానికి వెళ్ళలేదు. నలభై ఒక్క ఓట్లు పడ్డాయి. మిషను దగ్గర ఆడవాళ్ళే అరవై మంది.

ఫల్గుణ గెలిచి కూడా ఊరుకోలేదు. కలెక్టరుకి అర్జీ పెట్టాడు. దానికి జత చేసిన ఆధారం ఒక్కటే, ‘కొండదారి’ టపా కాగితం మీద అచ్చు. ఎనిమిది నెలల తర్వాత పాడేరులో విచారణకి కృపావతికి కూడా నోటీసు వచ్చింది.

ఆ మధ్యలో ఆమె మనసు మారకపోలేదు. ఫల్గుణ మళ్ళీ సర్పంచి అయి, మిషను షెడ్డు పంచాయతీదంటూ తాళం వేసినప్పుడు, ఆడవాళ్ళు పండ్లు పచ్చివే దళారులకి అమ్ముకుంటున్నారని విన్నప్పుడు, ఒకటి రెండు సార్లు భాను ఇంటి దాకా వెళ్ళి తిరిగొచ్చేసింది. విచారణలో భానుకి సాయపడాలనే అనుకుంది. ఆ రిజిస్టరులో ఉన్న భానుమతి ఈ భానేనని తను అనుకోవడమే తప్ప ఖాయంగా తెలియదని చెబితే చాలు. తండ్రి తరఫు వాళ్ళెవరూ సాక్ష్యానికి రాలేదు. టీచరు మారిపోయింది. యర్రమ్మ ఆ ఎండాకాలం పోయింది. మధ్యలో ముడి కృపావతి ఒక్కతే.

ఆ ఉదయం పాడేరు ఆఫీసు ముందు నాలుగు జీపులు ఆగాయి. ముప్పై ఐదు మంది చదువరులు, ‘కొండదారి’ అని రాసిన గుడ్డ పట్టుకుని దిగారు. రవిబాబు సెలవు పెట్టి వచ్చాడు. “మీరు ఒంటరి కాదక్కా” అన్నాడు. ఆమె లోపలికి నడుస్తుంటే జిందాబాద్‌లు కొట్టారు. కిటికీలు తెరిచే ఉన్నాయి.

లోపల అధికారి మర్యాదగానే మాట్లాడాడు. ఒక బల్లకి అటు భాను, సోములమ్మ కూర్చున్నారు. సోములమ్మ కొత్త చీర కట్టుకుంది.

“ఈ రిజిస్టరులో ఉన్న అమ్మాయి, ఎదురుగా ఉన్న ఈవిడ ఒకరేనని మీకెలా తెలుసు? ఊహా, లేక ఎవరైనా చెప్పారా?”

కృపావతి నోరు తెరిచింది. ‘ఊహే’ అని చెబితే బయట ఉన్న ముప్పై ఐదు మందికి సాయంత్రంలోపు తెలుస్తుంది. రెండో నియమం ఆధారం. ఊహ మీద ఒక మనిషి బతుకు బజారుకీడ్చిందని రాస్తారు, ఆమె గుంపుల్లోనే రాస్తారు. కిటికీ అవతల రవిబాబు ఇస్త్రీ చొక్కా కనిపిస్తోంది.

“చెప్పారండి.”

“ఎవరు?”

“ఆవిడే. చిన్నప్పుడు, హాస్టల్లో ఉండగా.”

అధికారి భాను వైపు తిరిగాడు. “నిజమేనామ్మా?”

భాను కాదని ఉంటే, మాటకి మాట అయి, ఇంకో ఏడాది సాగేదేమో. ఆమె కృపావతిని చూడలేదు, తల్లి చేయి పట్టుకుంది. “సెప్పేనండి. ఎవులికీ సెప్పొద్దని కూడా సెప్పేను. అది రాసుకోండి” అంది.

గుమాస్తా మొదటి ముక్క వరకే రాసుకున్నాడు.

సర్టిఫికెట్ రద్దయింది. ఒకటి పోతే దాని మీద నిలబడినవన్నీ ఒక్కొక్కటీ పోయాయి. హేమలత గిరిజన గురుకులంలో ఇంటర్ మొదటి ఏడు చదువుతోంది. తల్లి గిరిజనురాలు కాకపోతే కూతురూ కాదన్నారు. ఆ పిల్లకి చనిపోయిన తండ్రి వైపు నుంచి హక్కు ఉందని రామారావు మాస్టారు కాగితాలు పట్టుకుని తిరిగారు. ఆ కాగితాలు కదిలేలోపే పిల్ల ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చేసింది. బస్సులో ఎవరో ‘నువ్వు ఆ భాను కూతురివి కదూ’ అని అడిగారట. ఆ తర్వాత ఆ పిల్ల మళ్ళీ చదువుతానని అనలేదు. రెండెకరాల కాఫీ తోట అటవీ హక్కుల పట్టా భాను పేరు మీద ఉండేది. అదీ రద్దు చేశారు. ఇరవై ఏళ్ళు పెంచిన మొక్కలు.

ఒక్కో ఉత్తర్వు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఫొటో తీసి గుంపులో పెట్టేవారు. చప్పట్ల బొమ్మలు పడేవి. కృపావతి వద్దనలేదు, అభినందించనూ లేదు. రామారావు మాస్టారు అచ్చుతప్పులు పంపడం మానేశారు. ఎప్పుడు మానేశారో ఆమె వెంటనే గమనించలేదు, టపాల్లో తప్పులు అలా ఉండిపోతుంటే తెలిసింది.

ఆ చలికాలం ఒక మధ్యాహ్నం ఆమె ఒక కాగితం రాసుకుని భాను ఇంటికి వెళ్ళింది. అందులో తీసేసిన రెండు పేరాలూ ఉన్నాయి, యర్రమ్మ మాటలున్నాయి, ‘నేను తప్పు చేశాను’ అని ఉంది. సోములమ్మ ఆమెను చూసి లోపలికి వెళ్ళిపోయింది. భాను వాకిట్లో సామాను మూట కడుతోంది. భీమిలి వైపు రొయ్యల కంపెనీలో పనికి తనూ హేమలతా ఇద్దరూ వెళుతున్నారు. హాస్టలు వాళ్ళే ఇస్తారట.

భాను కాగితం మొత్తం చదివింది. తిరిగిచ్చేసింది.

“ఇది బ్లాగులో ఎయ్యకు.”

“నిజమంతా రాసేనే ఈసారి. అందరికీ తెలవాల.”

“నువ్వు నా గురించి రాసినప్పుడల్లా నలుగురు నా ఇల్లు సూడ్డానికొత్తన్నారు. వొద్దు. నీకు సెయ్యాలనుంటే ఒకటి సెయ్యి. ఆ పాతది తీసీ. గుంట పేరూ నా పేరూ కొడితే ఫోన్లో అదే వొస్తంది. రొయ్యల కాడ ఆడపిల్లలు ఎతుకుతారు.”

“ఇప్పుడే తీసేస్తాను” అంది కృపావతి. అక్కడే, వాకిట్లో నిలబడే తీసేసింది. భానుకి ఫోను చూపించింది. భాను తలూపి, మూట ముడి బిగించింది.

ఆమె ఇంటికి చేరేలోపే రవిబాబు ఫోను చేశాడు. “అక్కా, ఆ టపా కనిపించట్లేదు. ఎవరైనా బెదిరించారా? ఫల్గుణతో ఏమైనా? చెప్పండి, మేమున్నాం.”

“ఎవులూ లేరు. నేనే తీసేసేను. వదిలీ రవీ.”

“మీరలా అంటారని తెలుసు. బెదిరించినవాళ్ళు అలాగే చెప్పమంటారు.”

అతనికి నిజంగానే ఆమె మీద గౌరవం. అందుకే ఊరుకోలేదు. చదువరుల దగ్గర స్క్రీన్‌షాట్లు ఉన్నాయి. సాయంత్రానికి ఆ టపా పధ్నాలుగు చోట్ల మళ్ళీ వచ్చింది. ఈసారి ‘కృపావతి అక్క నోరు నొక్కలేరు’ అన్న మాట పైన, హేమలత గురుకులం యూనిఫాంలో ఉన్న ఫొటో కింద. ఆ ఫొటో ఎక్కడ దొరికిందో, ఎవరు పెట్టారో తేలలేదు. కృపావతి గుంపులో చేతులు జోడించి రాసింది, తీసేయమని, ఇది నా మాటేనని. “అక్క చేత బలవంతంగా రాయిస్తున్నారు” అని జవాబులొచ్చాయి. తన గొంతుతో చదివి పంపింది. “గొంతు వణుకుతోంది, వినండి” అన్నారు.

మర్నాడు పొద్దున్నే భాను నుంచి ఫోను వచ్చింది. వెనక రైలు చప్పుడు. “కిరపా, నీకు దండమెడతాను. ఇంకేటీ సెయ్యకు” అంది. అంతే. ఆ నెంబరు తర్వాత పనిచేయలేదు.

రెండు వారాలకి కృపావతి పనసగుడ మీదుగా ఒక గూడెం సభకి వెళుతూ భాను తోట పక్కన ఆగింది. కొమ్మలు విరిగేలా ఎర్రగా పండాయి. ఆ తోటని ఫల్గుణ వదినకి కేటాయించారట. అరడజను మంది కూలికి పండ్లు కోస్తున్నారు. వాళ్ళలో కనక ఉంది. కొమ్మకి ఫోను వేలాడదీసుకుంది. ఫోనులోంచి కృపావతి గొంతే వినిపిస్తోంది. నిన్నటి టపా, రోడ్డు బిల్లుల మీద.

కనక ఆమెను చూసి గంప దించి, గట్టు దాకా పరిగెత్తుకొచ్చింది.

“అక్కా! ఇంటన్నాం సూడు. ఎవుల్నీ ఒదల్నేదక్కా నువ్వు. రేపేటి రాస్తావు?”

మిగిలినవాళ్ళూ పని ఆపి, నవ్వుతూ ఇటే చూస్తున్నారు. కృపావతి ఏదో చెప్పాలనుకుంది. “రేపు పొద్దున్న ఏడింటికి పెడతాను” అంది.

“బేగి పెట్టు” అంది కనక. దోసెడు కాఫీ పండ్లు తెచ్చి ఆమె చేతుల్లో పోసి, మళ్ళీ తోటలోకి వెళ్ళిపోయింది.